ఒకే కప్పు క్రింద
కొచ్చి పట్టణపు యూదుల వీధిలో ఒక నడక



సమాజమందిరము అను మాట ఎరుగనివారు మన సంఘములలో లేరు. ప్రభువు నజరేతులో విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వెళ్లి, గ్రంథపు చుట్టను విప్పి చదివిన సంగతి ఆదివారపు బడి పిల్లలు సయితము చెప్పగలరు. అపొస్తలుడైన పౌలు క్రొత్త పట్టణమునకు పోయినప్పుడు తరచుగా మొదట అడుగుపెట్టినది ఆ ఊరి సమాజమందిరమునందే. అయితే అట్టి మందిరమును కన్నులార చూచినవారు మనలో ఎందరు? దానికై యెరూషలేము వరకు పోనక్కరలేదు. మన దక్షిణ దేశమందే, కేరళలోని కొచ్చి పట్టణములో, నాలుగు వందల యేబది సంవత్సరములు దాటిన సమాజమందిరము ఒకటి నేటికిని నిలిచియున్నది.

ఆ పట్టణమునకు వచ్చు యాత్రికులను గైడులు కాలినడకన యూదుల వీధి గుండ త్రిప్పి, ఒక్కొక్క గోడయెదుట నిలిపి, దాని కథ చెప్పుచుందురు. ఒక పూటలో ముగియు నడకయే గాని, దానిలో ఇమిడియున్నది వెయ్యేండ్ల చరిత్ర. నేడు మనమును ఈ పుటలమీదనే ఆ వీధిలో నడచి చూతము. వింతలు చూచుటకు మాత్రమే కాదు. ఆ వీధి మనలను ఒక ప్రశ్న అడుగుచున్నది. నడక ముగియునప్పటికి ఆ ప్రశ్న మన సొంత గుడి వాకిట నిలుచును.

రాగి రేకులు

కాలు కదుపకముందు ఈ యూదులు ఎవరో తెలిసికొనవలెను. రోమీయులు క్రీస్తుశకము 70లో యెరూషలేము దేవాలయమును పాడుచేసినప్పుడు తమ పితరులు ఓడలెక్కి మలబారు తీరమునకు వచ్చిరని వారి పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. అది వాడుక. చేతికందు సాక్ష్యము మాత్రము రాగి రేకులమీద ఉన్నది. సుమారు 1000వ సంవత్సరమున చేర రాజైన భాస్కర రవివర్మ, యోసేపు రబ్బాను అను యూదుల పెద్దకు దానశాసనమొకటి వ్రాయించి యిచ్చెను. అప్పటి వారి నివాసము కొచ్చి కాదు. దానికి ఉత్తరమున నున్న కొడుంగల్లూరు. పల్లకి ఎక్కుటకు, గొడుగు పట్టించుకొనుటకు, పగటివేళ దీపము వెలిగించుకొని ఊరేగుటకు, పన్నులు కట్టకుండుటకు రాజు వారికి హక్కులిచ్చెను. అట్టి హక్కులు మొత్తము డెబ్బది రెండు. ఆ కాలమున గొడుగును పల్లకియు ఎవరికిబడితే వారికి చెల్లునవి కావు. దూరదేశమునుండి వచ్చినవారిని ఒక హిందూ రాజు అంతగా గౌరవించెను. వారి సంతతివారు ఆ రేకులను కన్నుల కద్దుకొని కాపాడుకొనిరి.

మన క్రైస్తవులు దీనికి ముందు నాటి మరియొక శాసనమును కూడ తెలిసికొనవలెను. 849లో కొల్లము పట్టణమందలి తరిసా అను క్రైస్తవ దేవాలయమునకు అక్కడి పాలకుడు భూమిని, హక్కులను దానమిచ్చి రాగి రేకులమీద చెక్కించెను. దానికి సాక్షులుగా చేవ్రాలు చేసినవారు ఎవరు? కొందరు అరబ్బీ లిపిలోను, కొందరు పహ్లవీ లిపిలోను, కొందరు హెబ్రీ అక్షరములలోను తమ పేర్లు వ్రాసిరి. అనగా ఒక క్రైస్తవ గుడికి దక్కిన దానమును యూదులు తమ చేవ్రాళ్లతో స్థిరపరచిరన్నమాట. చదువరీ, ఈ సంగతి మరువకుము. దీనికి మనవారు ఎట్టి బదులు ఇచ్చిరో ముందు చూతుము.

1341లో పెరియారు నదికి వచ్చిన గొప్ప వరదవలన కొడుంగల్లూరు రేవు ఇసుకతో పూడిపోవుటయు, కొచ్చియొద్ద క్రొత్త రేవు తెరుచుకొనుటయు జరిగెనని చెప్పుదురు. వర్తకము కొచ్చికి జరిగెను. వర్తకము వెంట యూదులును కొందరు జరిగిరి. కొచ్చంగాడి అను చోట వారు కట్టుకొన్న మందిరము నేడు లేదు గాని, 14వ శతాబ్దపు నడిమి కాలము నాటి దాని హెబ్రీ శాసనపు రాయి మాత్రము మిగిలి, నేటి మందిరపు ఆవరణ గోడలో కనబడుచున్నది. ఇక నడక మొదలుపెట్టుదము.

రాజు గోడ, యూదుని గోడ

ఫోర్టు కొచ్చిలో సముద్రపు ఒడ్డున సెయింట్ ఫ్రాన్సిస్ దేవాలయమున్నది. పోర్చుగీసువారు కట్టిన గుడి అది. నేడు దక్షిణ ఇండియా సంఘమువారిది. 1524లో మరణించిన వాస్కో డ గామాను మొదట పాతిపెట్టినది అక్కడనే. అక్కడనుండి తూర్పుగా మట్టంచేరి వైపు నడచినచో మిరియాలు, అల్లము, ఏలకులు నిలువచేయు పాత గోదాముల మధ్యకు వచ్చెదము. ఆ వాసన మనలను రాజభవనము వరకు సాగనంపును. ఈ భవనమును సుమారు 1555లో పోర్చుగీసువారు కట్టించి కొచ్చి రాజునకు కానుకగా ఇచ్చిరి.

రాజభవనమును ఆనుకొని రాజు గారి దేవాలయము. దాని గోడను ఆనుకొనియే యూదుల సమాజమందిరము! ఒకవైపు గంట మ్రోగుచుండగా మరియొకవైపు దావీదు కీర్తనలు పాడబడుచుండెడివి. ఇట్లు ఏల జరిగెను? ఆ కాలపు చరిత్రను చూడుడి. 1492లో స్పెయిను రాజదంపతులు తమ దేశమందలి యూదులను వెళ్లగొట్టిరి. 1497లో పోర్చుగలు రాజు యూదులను బలవంతముగా బాప్తిస్మమునకు ఈడ్పించెను. ఆ కష్టములను తప్పించుకొని నానా దేశములు తిరిగి కొందరు కొచ్చి చేరిరి. ఇక్కడివారు వారిని పరదేశులనిరి. ఈ మందిరమునకును పరదేశి మందిరమనియే పేరు. అంతలో పోర్చుగీసువారు సముద్రము దాటి వీరి వెనుకనే వచ్చిరి. 1560లో గోవాలో మతవిచారణ సభను స్థాపించిరి. కొడుంగల్లూరిలో మిగిలిన యూదులును ఆ శతాబ్దమందలి దాడులకు తాళలేక కొచ్చికి పరుగెత్తిరి. అప్పుడు కొచ్చి రాజు వారికి తన భవనపు ప్రక్కనే స్థలమిచ్చెను. 1568లో ఈ మందిరము వెలసెను. రాజు గోడను తాకకుండ యూదుని గోడను ఎవడును తాకలేడని దాని భావము.

అయినను తాకినవారున్నారు. 1662లో డచ్చివారు కొచ్చిమీదికి వచ్చి, పట్టుకొనలేక వెనుదిరిగిరి. యూదులు డచ్చివారికి తోడ్పడిరను కోపముతో పోర్చుగీసువారు యూదుల వీధిని దోచుకొని, సమాజమందిరమునకు నిప్పు పెట్టిరి. ఎన్నో గ్రంథములు ఆ కీడులో నశించెను. 1663లో డచ్చివారు మరల వచ్చి పట్టణమును గెలిచిన తరువాతనే యూదులు మందిరమును తిరిగి బాగుచేసికొనిరి.

చదువరులారా, ఇక్కడ ఒక్క నిమిషము నిలువుడి. నిప్పు పెట్టినవారి మెడలలో సిలువలున్నవి. మన గుడి దానపత్రముపై చేవ్రాలు చేసినవారి జాతికి, మన ప్రభువు పేరు పెట్టుకొన్నవారు ఇచ్చిన బదులు ఇది. వారు రోమను మతస్థులు, మేము కాము అని మనము తప్పించుకొనరాదు. మన నోటను యూదుడు అను మాట తిట్టుగా ఎన్నిసార్లు వచ్చియుండును! మన బోధలలో ఎన్నిసార్లు ఆ జాతి అంతటిని ఒక్క కట్టుగా కట్టి నిందించియుందుము! పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పదునొకండవ అధ్యాయమున మనలను అడవి ఒలీవ కొమ్మలతో పోల్చెను. కొమ్మ వేరును మోయదు. వేరే కొమ్మను మోయును. ఆ వేరు ఎవరిదో మరచిన కొమ్మ గర్వపడును. గర్వపడిన కొమ్మ చేతికి నిప్పు దొరకుటకు ఎంతో కాలము పట్టదు.

మందిరము లోపల

చెప్పులు విడిచి లోపలికి రండి. శుక్రవారము గాని, విశ్రాంతిదినమగు శనివారము గాని యాత్రికులకు ప్రవేశము లేదు. ముందుగా గడియారపు గోపురమును చూడుడి. 18వ శతాబ్దమున డచ్చివారితో వర్తకము చేసిన యెహెజ్కేలు రహాబి అను యూదుడు దానిని కట్టించెను. దాని ముఖములలో ఒకదానిమీద హెబ్రీ అంకెలు, ఒకదానిమీద రోమను అంకెలు, రాజభవనము వైపున మలయాళపు అంకెలు కలవు. పలు జాతులవారు ఒకే గడియారము క్రింద బ్రదికినారనుటకు ఇంతకన్న గురుతేమి కావలెను?

లోపలి నేలను చూచి నడువుడి. తెల్లని పలకలమీద నీలిరంగు చెట్లు, పువ్వులు. చేతితో చిత్రించిన యీ పలకలు చీనా దేశమునుండి ఓడలమీద వచ్చినవి. ఒకదానివలె మరియొకటి ఉండదని గైడులు చెప్పుదురు. పైన గాజు దీపములు వ్రేలాడుచున్నవి. నడుమ ఇత్తడి కమ్ముల వేదిక. అక్కడ నిలిచి ధర్మశాస్త్రము చదువుదురు. కేరళ సమాజమందిరములలో తప్ప మరెచ్చటను కానరాని వింత ఒకటి కలదు: పై అంతస్తున స్త్రీలు కూర్చుండు చోటి ముందర రెండవ వేదిక. పండుగ దినములలో గ్రంథమును పైనుండి చదువుదురు. ఎదుటి గోడయందు చెక్కడపు పెట్టె. దానిలో తోలుమీద వ్రాసిన ధర్మశాస్త్రపు చుట్టలు. విగ్రహము లేదు, పటము లేదు. వాక్యమే అక్కడి సంపద.

వాక్యము విషయమై మనకు దగ్గరి సంగతి ఒకటి చెప్పెదను. కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలో పనిచేసిన క్లాడియసు బుకానను అను పాదిరి, మన దేశభాషలలోనికి బైబిలు తర్జుమా కావలెనని పాటుపడినవాడు, 1806లో కొచ్చికి వచ్చి యూదులయొద్ద ప్రాచీన హెబ్రీ ప్రతులను సేకరించెను. ఎర్రరంగు వేసిన తోళ్లు కుట్టి చేసిన ధర్మశాస్త్రపు చుట్ట ఒకటి అందులోనిది. అవి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చేరెను. మలబారు తీరమున తరతరములుగా వారు అక్షరము తప్పకుండ వ్రాసి కాపాడిన వాక్యమును దూరదేశపు పండితులు విప్పి చూచిరి. మనము పాత నిబంధన తెరచి చదువు ప్రతి ప్రొద్దున ఆ వ్రాతగాండ్ర జాతికి మనము ఋణస్థులమే.

గుమ్మము వెలుపల కూర్చున్నవారు

ఇప్పుడు మందిరములోనికి వచ్చునప్పుడు మనము దాటివచ్చిన ముందరి గదికి తిరిగి పోదము. దానిని అజారా అందురు. నడక అంతటిలో ఎక్కువసేపు నిలువవలసిన చోటు ఇది.

పరదేశులు వచ్చునాటికే ఈ తీరమున తరతరములుగా ఉన్న యూదులు ఉండిరి. వారిని మలబారు యూదులందురు. వారి మందిరములు వారికి వేరుగా ఉండెను. పరదేశులు తమ్మును తెల్లవారనియు వారిని నల్లవారనియు ఎంచి, వారితో వియ్యమందరైరి. అంతే కాదు. పరదేశుల యిండ్లలో దాసులుగా ఉండి యూదా మతమును పుచ్చుకొని విడుదల పొందినవారును, వారి సంతతివారును ఉండిరి. వారిని మెషుహ్రారీములు, అనగా విడుదలైనవారు అని పిలిచిరి. విడుదల పేరుకే. మందిరములో బల్లమీద కూర్చుండు హక్కు వారికి లేదు. అజారాలోనో నేలమీదనో కూర్చుండవలెను. ధర్మశాస్త్రము చదువుటకు పిలుపు లేదు. పరదేశులతో పెండ్లి లేదు. చనిపోయిన తరువాత కూడ పరదేశుల శ్మశానములో చోటు లేదు.

ఇది తెలియక చేసిన తప్పు అనుటకు వీలు లేదు. 16వ శతాబ్దముననే వారు ఈ చిక్కును గూర్చి కైరో పట్టణములో నివసించిన దావీదు బెన్ జిమ్రా అను గొప్ప ధర్మశాస్త్ర పండితునికి ఉత్తరము వ్రాయించిరి. శాస్త్రప్రకారము స్నానముచేసి విడుదల పొందినవారు ఇశ్రాయేలీయులే, వారితో వియ్యమందవచ్చునని ఆయన తీర్పు వచ్చెను. ఆ తీర్పును వారు పాటింపరైరి. ప్రశ్న అడిగిరి, జవాబు వచ్చెను, పాత నడవడియే సాగెను. స్పెయినులో తాము ఏ గాయము పొందిరో ఆ గాయమునే మరియొకని వీపుమీద చేసిరి. మతము వారిది, ఎక్కువ తక్కువల లెక్క మాత్రము చుట్టునున్న కులముల దేశమునుండి అరువు తెచ్చుకొన్నది.

ఈ అజారాలో పుట్టి పెరిగిన కుటుంబములలో 1882లో అబ్రాహాము బరాకు సేలెము జన్మించెను. ఆయన పై చదువులు చదివి న్యాయవాదియై, కొచ్చి శాసనసభలో సభ్యుడుగా నుండెను. 1929లో లాహోరు కాంగ్రెసుకు పోయి వచ్చెను. గాంధీగారి మార్గమును తన సొంత మందిరములో ఆచరించెను. కఱ్ఱ పట్టలేదు, తిట్టలేదు, మతము మార్చుకొందునని బెదిరింపలేదు. మందిరమునకు పోయెను, అన్యాయమును అన్యాయమని చెప్పెను, మరల పోయెను. తన కుమారులను వెంట తీసికొనిపోయెను. ఏండ్ల తరబడి సాగిన యీ ఓర్పువలన అడ్డులు ఒక్కొక్కటిగా కూలెను. బల్ల దొరకెను. గ్రంథము చదువు పిలుపు దొరకెను. 1950లో ఆయన కుమారుడొకడు పరదేశి కన్యను పెండ్లాడెను. ప్రజలు ఆయనను యూదుల గాంధీ అని పిలిచిరి. 1967లో ఆయన కన్నుమూసెను.

ఖాళీ అయిన వీధి

ఇంతలో ఏమి జరిగినది? 1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడగానే కేరళ యూదుల హృదయములు పితరుల దేశము వైపు తిరిగెను. వారు తరిమివేయబడినవారు కారు; ప్రార్థనలలో కోరుకొన్న చోటికి పోయినవారు. 1953 మొదలు 1955 వరకు మలబారు యూదులు దాదాపు అందరును వెళ్లిరి. నెగెవు ప్రాంతమున నెవాతీము అను ఊరిలో సేద్యము చేసి స్థిరపడినవారు కొందరు. 1968 డిసెంబరులో ఈ మందిరమునకు నాలుగు వందల యేండ్లు నిండినప్పుడు ప్రధానమంత్రి ఇందిరా గాంధీగారు వచ్చిరి. తపాలా శాఖవారు బిళ్ల విడుదల చేసిరి. ఆ తరువాత పరదేశులును ఒక్కొక్కరుగా వెళ్లిరి, లేక సమాధిలో నిద్రించిరి. యూదుల నియమము చొప్పున సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులుండవలెను. నేడు ఆ వీధిలో పదిమంది లేరు.

వీధి వెంట మరల నడువుడి. ఇండ్లున్నవి, తలుపులమీద దావీదు నక్షత్రములున్నవి, లోపల పాత సామానులు, బట్టలు, సుగంధ ద్రవ్యములు అమ్మువారున్నారు. విశ్రాంతిదినపు టోపీలు, రొట్టెల మీద కప్పు గుడ్డలు తన చేతితో కుట్టి అమ్మిన ముసలమ్మ ఒకామె ఈ వీధిలో ఉండెడిది. తొంబదియారు ఏండ్ల ప్రాయమున 2019లో మరణించెను. చివరి దినములలో ఆమెను కన్నతల్లివలె చూచుకొన్నది పొరుగున నున్న ముస్లిము కుటుంబము.

నడక చివర కడవుంభాగము మందిరము. మలబారు యూదులది, 1544లో కట్టినదని చెప్పుదురు. వారు వెళ్లిపోయిన పిమ్మట అది గోదాముగా మారెను. దాని లోపలి చెక్కడపు పనిని విప్పి కొనిపోయి యెరూషలేములోని ఇశ్రాయేలు వస్తుప్రదర్శనశాలలో నిలిపిరి. ఖాళీ గోడలు మాత్రము ఇక్కడ నిలిచెను. 2019 సెప్టెంబరు వానలలో దాని ముందు భాగము కూలిపోయెను.

మన గుడి వాకిట

చదువరులారా, మన నడక ముగిసినది. ఇప్పుడు ఆ వీధి అడుగు ప్రశ్న వినుడి. రాగి రేకులున్నవి, చీనా పలకలున్నవి, గాజు దీపములున్నవి. సహోదరుని బల్లమీద కూర్చుండనిచ్చుటకు మాత్రము దాదాపు నాలుగు వందల సంవత్సరములు పట్టెను. బల్ల దొరకిన కొన్నియేండ్లకే కూర్చుండువారు లేకపోయిరి. ఒకే కప్పు క్రింద కలిసి కూర్చున్న కాలము ఎంత కొంచెమో చూచితిరా?

పరదేశులను తప్పుపట్టుట సులభము. మన మాట ఏమి? ఒకే ఊరిలో, ఒకే ప్రభువు పేరట, ఆ పల్లెకొక గుడి, ఈ పల్లెకొక గుడి కట్టుకొన్న చోట్లు మనకు తెలియవా? సంస్కారపు గిన్నె తమకంటె ముందు ఎవరి పెదవులకు తగులునోయని లెక్కించినవారు మనలో లేరా? పెండ్లి మాట వచ్చువరకు అందరము సహోదరులము. పెండ్లి మాట వచ్చినప్పుడు పేటల పేర్లు గుర్తుకు వచ్చును. శ్మశానములో కూడ హద్దురాళ్లు పాతుదుము. కైరో పండితుని తీర్పు కొచ్చివారికి అందినట్లు, క్రీస్తునందు మనమందరము ఒకటేయను తీర్పు మనకు ఎన్నడో అందియున్నది. మన యిండ్లలో ఆ పత్రిక గూటిమీద ఉన్నది. ప్రతి ఆదివారము చంకను పెట్టుకొని పోవుచున్నాము. అడుగవలసిన ప్రశ్న ఏదియు మిగులలేదు. చేయవలసినదే మిగిలినది.

కూలిన గోడను చూచి ఏడ్చుట భక్తి కాదు. గోడ నిలిచియుండగా, మనుష్యులు ఇంకను ఉండగా, గుమ్మము తెరచుట భక్తి. వచ్చు ఆదివారము గుడికి పోయినప్పుడు ఒక్కసారి వెనుకకు తిరిగి చూడుడి. గుమ్మమునొద్ద చాపమీద కూర్చున్నది ఎవరు? వారు అక్కడ ఎందుకు కూర్చున్నారు? వారిని లేచి ముందుకు రమ్మని పిలుచుటకు సేలెము వంటి న్యాయవాది పుట్టువరకు వేచియుండ నక్కరలేదు. మీరు కొంచెము ప్రక్కకు జరిగి చోటిచ్చిన చాలును. సంఘమంతయు అట్లు జరుగునట్లు ప్రభువు మనకు మనస్సు దయచేయును గాక.